ఒడ్డున పడవల బొమ్మ పటం కట్టించే ముందు

అమ్మలూ,

కొత్త ఇంటి హాల్లోకి చిత్రకారుడు వాన్‌గో వేసిన పడవల బొమ్మ ప్రింట్ అన్నావు, బాగుంది. ఆ బొమ్మ కథ తెలుసా? 1888 జూన్‌లో ఫ్రాన్స్ సముద్రతీరంలోని సెయింత్-మరీ ఊళ్ళో పొద్దున్నే పడవలు చేపల వేటకి వెళ్ళిపోతుంటే రంగులేసే టైమ్ లేక, ముందు గీసుకుని, ఏది ఏ రంగో ఆ గీతల మీదే రాసుకుని, తను ఉండే ఆర్ల్ ఊరికి తిరిగొచ్చాక పెయింట్ చేశాడు. ఒక పడవ మీద 'అమితియే' (AMITIE) అని ఫ్రెంచిలో ఉంటుంది, స్నేహం అని అర్థం. నీ ప్రింట్‌లో ఆ పేరు చదవడానికి వస్తోందా లేదా చూడు, రాకపోతే ఫైలు నాసిరకం అన్నట్టే.

ఇక అసలు సంగతి సైజు. అసలు బొమ్మ 65 సెం.మీ. ఎత్తు, 81.5 వెడల్పు. అంటే ఎత్తు వెడల్పుల నిష్పత్తి 16×20 అంగుళాలకి దాదాపు సరిగ్గా సరిపోతుంది. షాపువాడు 12×18 చవక అంటాడు, ఒప్పుకోకు, ఆ కొలతలోకి కుదించాలంటే ఎత్తులో దాదాపు ఆరో వంతు కోసెయ్యాలి, పైన తెరచాప కొయ్యల చివరలైనా కింద ఇసుకైనా పోతుంది. ఇసుక లేకపోతే పడవలు ఒడ్డున ఉన్నట్టేముంటుంది! ఫైలు 6000×4800 పిక్సెళ్ళు ఉంటే 16×20 సైజుకి నిక్షేపంగా వస్తుంది. కాగితం మ్యాట్ (మెరవనిది), ఇంకు పిగ్మెంట్‌ది (సన్నటి రంగుపొడి కలిపినది) అడుగు. మెరిసే లామినేషన్ మాత్రం వద్దే వద్దు, ట్యూబ్‌లైట్ తప్ప బొమ్మ కనపడదు.

మీది వైజాగ్, అందులోనూ బీచ్ రోడ్డు పక్క, కాబట్టి చెమ్మ గురించి గట్టిగా చెబుతున్నా. నా మొదటి పటం కట్టినవాడు అద్దాన్ని ప్రింట్‌కి ఆనించి బిగించాడు. ఒక్క వర్షాకాలం గడిచేసరికి కాగితం అద్దానికి అతుక్కుపోయింది, విడదీయబోతే సముద్రమంతా అద్దంతో పాటే ఊడొచ్చింది. ఆ రోజు మీ పెద్దమ్మ నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తే. అందుకే చుట్టూ యాసిడ్ లేని మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ అంచులా ఉండే మందపాటి అట్ట, పెట్టించు, అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉండాలి. ప్రింట్‌ని గమ్‌తో మొత్తం అంటించనివ్వకు, పై అంచున రెండు చోట్ల టేపుతో పట్టిస్తే చాలు. ఫ్రేము వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్ళలు అతికిస్తే గోడకి ఆనకుండా గాలి ఆడుతుంది.

పటాన్ని బాత్రూమ్ గోడకి ఇవతలి వైపు తగిలించొద్దు, ఎండ నేరుగా పడే చోటా వద్దు. ఇంకో మాట, మనవాళ్ళు ఏ పటమైనా దేవుడి పటంలా తల ఎత్తి చూసేంత పైకి మేకు కొడతారు, అలా కాకుండా బొమ్మ నడుము నేల నుంచి 57 అంగుళాల దగ్గర ఉండేలా చూసుకో.

ఫ్రేము కట్టేవాడు వెనక అట్ట మూసేముందు ఒక ఫోటో తీసి పంపు, టేపు ఎలా వేశాడో చూసి చెబుతా.

మీ పెదనాన్న