పాత జర్మన్ అక్షరాల మీద ఇష్టం: మా అబ్బాయికి ఇందులో కెరీర్ ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో బీకామ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఖాళీ దొరికితే చాలు, 'ఓల్డ్ ఇంగ్లిష్' ఫాంట్లతో నేమ్ బోర్డులు, టీషర్టులు, గిఫ్ట్ బాక్సులు డిజైన్ చేసి తెలిసినవాళ్లకు అమ్ముతున్నాడు. ఈమధ్య ఒకరు ఇంటి పేరు బోర్డు చదవడానికి రావడం లేదని తిరిగి ఇచ్చేశారు. వాడు మాత్రం డిజైనే నా దారి అంటున్నాడు. ఫాంట్లు పట్టుకుని బతకగలడా అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ బోర్డు ఎందుకు తిరిగొచ్చిందో మీ అబ్బాయి సరిగ్గా కనుక్కుంటే, మీరు అడిగినదానికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మన దగ్గర ఇంటి పేరు ఇంగ్లిష్‌లో రాయించేటప్పుడు 'శ్రీ లక్ష్మీ నిలయం' అంతా పెద్దక్షరాల్లోనే పెట్టించడం అలవాటు. మీ అబ్బాయి వాడే 'ఓల్డ్ ఇంగ్లిష్' లాంటి పాత నల్లని అక్షరాలను బ్లాక్‌లెటర్ అంటారు, జర్మనీలో ఇవి ఎక్కువ కాలం నిలిచాయి. బ్లాక్‌లెటర్‌లో సరిగ్గా అదే పనికిరాదు. ఆ పెద్దక్షరాలు పదం మొదట్లో ఒక్కటిగా నిలబడటానికి పుట్టినవి. వరసగా పేరిస్తే జర్మన్లకు కూడా చదవడం కష్టమే. మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి పెడితే సగం ఇబ్బంది తీరుతుంది.

మిగతా సగం నిలువు గీతలది. 'మౌనిక' అని ఇంగ్లిష్‌లో రాసి చూడమనండి. మధ్యలో వచ్చే యు, ఎన్, ఐ మూడూ ఒకే రకం నిలువు గీతలై కంచె పాతినట్టు కనిపిస్తాయి. 'టెక్స్‌చురా' అనే రకంలో ఇది మరీ ఎక్కువ. గుటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్ పట్టణంలో అచ్చువేసిన బైబిల్‌లో ఉన్నది ఆ రకమే. పేజీ అంతా నల్లగా, నేతలా సమంగా కనిపించడం దాని అందం. కానీ గేటు పక్కన బోర్డు చూసే కొరియర్ అబ్బాయికి ఆ అందంతో పని లేదు. అలాంటి పేరుకు గుండ్రదనం ఎక్కువున్న రోటుండా, ష్వాబాహర్ రకాలు నయం. 16వ శతాబ్దం మొదట్లో జర్మన్ చక్రవర్తి మాక్సిమిలియన్ కాలంలో రూపుదిద్దుకున్న ఫ్రాక్టుర్ అనే రకంలో వంపులు ఉన్నా, కొన్ని పెద్దక్షరాలు మనల్ని బోల్తా కొట్టిస్తాయి. అందులో ఐ, జె ఒకేలా ఉంటాయి. ఎ చూస్తే యు అనిపిస్తుంది. ఇంటిపేరు ఇనీషియల్స్‌కు దాన్ని వాడేముందు, ఆ పేరు తెలియని ఇద్దరు ముగ్గురితో చదివించి చూడమనండి.

ఇంత వివరం మీకెందుకు చెబుతున్నానంటే, ఫాంట్ డౌన్‌లోడ్ చేయడం ఎవరికైనా వచ్చు. ఏ పేరుకు ఏ రకం, ఏ సైజులో, ఏ వస్తువు మీద నిలుస్తుందో చెప్పగలవాడికే పని దొరుకుతుంది. మీ అబ్బాయి ఇప్పుడు ఆ గడప దగ్గర ఉన్నాడు.

వస్తువు సంగతి తీసుకుందాం. బ్లాక్‌లెటర్‌లో లావు గీత పక్కనే వెంట్రుకంత సన్న గీత ఉంటుంది. 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన షీటు)ను లేజర్‌తో కత్తిరిస్తే ఆ సన్న గీతలు విరుగుతాయి. షీటు మందం కంటే సన్నగా ఏ గీతా లేకుండా చూసుకోవడం మంచిది. స్టెన్సిల్ అయితే ఎ, ఇ, ఓ అక్షరాల మధ్య ముక్కలు రాలిపోతాయి కాబట్టి చిన్న వంతెనలు గీసి పట్టి ఉంచాలి. వినైల్ స్టిక్కర్‌లో అక్షరాల కొసలకు ఉండే డైమండ్ ముక్కలు పీకేటప్పుడు లేచి వస్తాయి. చిన్న సైజు ఎంబ్రాయిడరీలో సన్న గీతలు దారంలో కలిసిపోతాయి. చెక్క మీద ఎన్‌గ్రేవింగ్ మాత్రం ఈ అక్షరాలకు బాగా నప్పుతుంది. ఫైలు ప్రెస్‌కు పంపేముందు కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీసిన బొమ్మలుగా మార్చడం మరిచిపోతే అవతలి కంప్యూటర్‌లో ఇంకేదో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది.

డబ్బు తీసుకుని చేస్తున్నాడు కాబట్టి లైసెన్స్ మాట కూడా గట్టిగా చెప్పండి. 'పర్సనల్ యూజ్' అని రాసి ఉన్న ఉచిత ఫాంట్‌ను ఆర్డర్లకు వాడకూడదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న పిరాటా వన్, గ్రెంజె గోటిష్, యూనిఫ్రాక్టుర్ మగున్షియా ఓపెన్ లైసెన్స్‌వి, వ్యాపారానికి వాడుకోవచ్చు. మొదటిది సాదాగా ఉండి తేలిగ్గా చదవొచ్చు. రెండోదానిలో సన్నం నుంచి బాగా లావు వరకు మందం మార్చుకోవచ్చు. మూడోది అసలైన పాత ఫ్రాక్టుర్ పద్ధతి.

వీటిలో తెలుగు అక్షరాలు ఉండవు. పెళ్లి కార్డులోనో బోర్డులోనో రెండు భాషలూ కావాలంటే తెలుగుకు వేరే ఫాంట్ ఎంచుకోవాలి. చాలామంది తలకట్టును, గుడిని కోణాలుగా విరిచి 'గోథిక్ తెలుగు' చేయబోతారు. నాకది అస్సలు నచ్చదు, చదవడానికీ రాదు. నలుపుదనం కుదిరితే చాలు. రామభద్ర లాంటి దట్టమైన ఫాంట్ పక్కన పెడితే రెండూ ఒకే బరువుతో నిలబడతాయి.

ఇంకో విషయం, విదేశీ క్లయింట్ల కోసం. ఈ అక్షరాలను చూస్తే కొందరికి నాజీలు గుర్తొస్తారు. నిజానికి 1941 జనవరి 3న హిట్లర్ సన్నిహితుడు బోర్మన్ సంతకంతో వచ్చిన ఉత్తర్వు, వీటిని యూదుల అక్షరాలని తప్పుడు ముద్ర వేసి, మామూలు రోమన్ అక్షరాలే వాడాలని చెప్పింది. అయినా ఆ మచ్చ పూర్తిగా పోలేదు. న్యూయార్క్ టైమ్స్ పేరులో, బీరు లేబుల్ మీద, సర్టిఫికెట్ హెడింగ్‌లో ఎవరూ తప్పు పట్టరు. జర్మనీ క్లయింట్‌కు రాజకీయ నినాదం ఈ అక్షరాల్లో వేస్తే గొడవే. ఈ చరిత్ర తెలిసి ఉండటం కూడా డిజైనర్ పనిలో భాగమే.

ఇక చదువు. బీకామ్ మాన్పించకండి, మానేయమని వాడికీ చెప్పను. మూడేళ్ల డిగ్రీ ఏ సబ్జెక్టులో ఉన్నా డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీడ్ రాయొచ్చు. ఐఐటీల్లో ఎండీఈఎస్ (డిజైన్ పీజీ)కు అర్హత మాత్రం సంస్థను బట్టి మారుతుంది, ముందే చూసుకోవాలి. ఐఐటీ బాంబే నిర్వహించే ఈ పరీక్షతో హైదరాబాద్ ఐఐటీలోనూ డిజైన్ పీజీకి అవకాశం ఉంది. ఫాంట్ల తయారీ మీదే మనసు నిలిస్తే, బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీలో టైప్‌ఫేస్ డిజైన్ పీజీ ఉంది. ఖర్చు ఎక్కువ కాబట్టి అది తర్వాతి మాట. బ్లాక్‌లెటర్ ఒక్కటే చేసే ఉద్యోగమంటూ ఉండదు. లోగోలు, ప్యాకేజింగ్, లెటరింగ్ చేసే గ్రాఫిక్ డిజైనర్‌గా చేరి, ఇది తన ప్రత్యేకతగా నిలుపుకోవాలి.

ఈ రెండేళ్లూ కంప్యూటర్ పక్కన పెట్టి రోజూ కొంతసేపు చేత్తో రాయమనండి. చదును మొన ఉన్న ప్యారలల్ పెన్ను ఒకటి కొనివ్వండి. 3.8 మిల్లీమీటర్ల మొన అయితే, మొనకు 5 రెట్ల లెక్కన చిన్నక్షరం 19 మిల్లీమీటర్ల ఎత్తుండాలి. పెన్ను సుమారు 45 డిగ్రీల వాలులో పట్టుకోవాలి. లావు గీత, సన్న గీత ఎక్కడ ఎందుకు వస్తాయో చెయ్యి నేర్పుతుంది. ఎండీఈఎస్ ఇంటర్వ్యూకు పోర్ట్‌ఫోలియో కట్టేటప్పుడు పూర్తయిన బోర్డుల ఫొటోలతో పాటు ఆ కాగితాలూ, కస్టమర్ వద్దన్న డిజైనూ, దాన్ని ఎలా సరిచేశాడో చూపే స్కెచ్‌లూ పెట్టమనండి.