సామాన్లు పోగెయ్యడానికి ముందు ఆవిడను అడగండి

మీ ఆఫీసులో ఆయాగా చేసే అక్క ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్నారని, కొత్త ఇంట్లోకి మారుతున్నారని, తలా ఒక సామాను ఇద్దామంటే ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదని రాశారు. 2023 ఆఖర్లో మేం ఇదే పని చేశాం. మొదట తప్పుగా చేశాం, అందుకే రాస్తున్నాను.

మా అపార్ట్‌మెంట్‌లో వంట చేసే ఒకావిడకు హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో ప్రభుత్వం ఇచ్చే డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది. అప్పటిదాకా బోరబండలో పుట్టింటివాళ్ల దగ్గర, ఒక్క గదిలో పిల్లలతో సర్దుకున్నారు. ఇప్పుడు 560 చదరపు అడుగుల సొంత ఇల్లు, లోపల ఫ్యాను కూడా లేదు. నేను ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టేశాను. రెండు రోజుల్లో సెల్లార్ నిండింది. మూతల్లేని మిక్సీ జార్లు, మరకల పరుపులు, మూడు పాత టీవీలు. ఫ్యాను మాత్రం ఒక్కటీ రాలేదు. ఆవిడ చూసి "అన్నీ బాగున్నాయక్కా" అన్నారు. మన ఇళ్లలో పని చేసుకుంటూ వద్దని ఎలా అంటారు? అది నాకు రాత్రికి గానీ తట్టలేదు. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

మర్నాడు ఇద్దరం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. ఆవిడ మొదట చెప్పింది స్టవ్. పాలు పొంగించాలి కదా. స్టవ్ దొరికింది, గ్యాస్ కనెక్షన్ ఇంకా రాలేదు. అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేకుండా గుర్తింపు కార్డు మీద ఇచ్చే 5 కిలోల చిన్న సిలిండర్‌తో గండం గడిచింది. తర్వాత మూడు ఫ్యాన్లు, బియ్యం డ్రమ్ము, బీరువా. "తాళం పడుతుందా అక్కా?" అని బీరువా గురించి రెండుసార్లు అడిగారు. ఇంట్లో పెట్టగానే అందులో ముందు దాచుకున్నవి ఇంటి పట్టా, పెద్దమ్మాయి సర్టిఫికెట్లు. రెండూ ఒకే ప్లాస్టిక్ కవర్‌లో.

ఆ బీరువా ఇచ్చినవాళ్లు శనివారం తీసుకెళ్లమన్నారు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "శనివారం ఇనుము ఇంటికి తేకూడదంటారు" అన్నారు. ఆదివారానికి మార్చుకున్నాం. ఇలాంటివి మనం వినాలి. చీపురు, చాట, పరుపు, దుప్పట్లు కొత్తవే కొనండి, వాడినవి ఇవ్వకండి. ఫ్రిజ్ ఎవరైనా ఇస్తే ఒక రోజంతా ఆన్ చేసి ఉంచి, ఐసు గడ్డకట్టాకే తీసుకోండి.

సామాన్లకన్నా మాకు కష్టమైంది డబ్బు. ట్రాలీ ఆటో రెండు ట్రిప్పులు, తొమ్మిదో అంతస్తుకు ఎక్కించిన హమాలీలు, ఫ్యాన్లు బిగించిన ఎలక్ట్రీషియన్, అన్నీ కలిపి 7,400 రూపాయలయ్యాయి. ఇది ముందే వసూలు చేసి పెట్టుకోండి, లేకపోతే ఆ భారం ఆవిడ మీదే పడుతుంది.

సామాన్లు ఇస్తున్నట్టు ఫొటో దిగుదామని ఒకాయన అడిగారు. ఒప్పుకోలేదు. ఆ పిల్లలు రేపు బడికి వెళ్లాలి కదా.

మీది తెలంగాణ అయితే ఇంకొక్క విషయం. 2017 నుంచి ఒంటరి మహిళలకు పింఛను ఉంది, తర్వాత దాన్ని నెలకు 2,016 రూపాయలు చేశారు. ఆవిడకు అందుతోందో లేదో కనుక్కోండి. కొల్లూరు ఆవిడ అప్పటిదాకా అప్లయ్ చేయనే లేదని మేం అడిగితేనే తెలిసింది.