టెక్ సందేహాలు: జనరేటర్ కొనే ముందు మోటార్ లెక్క చూసుకోండి

సందేహం: కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, లైట్లు, టీవీ, వైఫై రూటర్ నడవాలి. కుదిరితే ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటార్ కూడా. ఒక షాపులో 2 కేవీఏ (జనరేటర్ సామర్థ్యానికి కొలత) చాలన్నారు, ఇంకో షాపులో 5 కేవీఏ తీసుకోమన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. కాగితం మీద ఒకేసారి ఏవేవి నడుస్తాయో రాసుకోండి. ఫ్రిజ్‌కి సుమారు 150 వాట్లు, మామూలు ఫ్యాన్లు ఒక్కోటి 75 చొప్పున 300, ఎల్‌ఈడీ లైట్లన్నిటికీ కలిపి 100, టీవీకీ రూటర్‌కీ 120. మొత్తం 670. ఇంతేనా అనిపిస్తుంది. అసలు చిక్కు మోటార్లతో వస్తుంది. మోటార్ ఉన్న ఏ వస్తువైనా ఆన్ అయ్యే క్షణంలో మామూలుగా నడిచేటప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. 150 వాట్ల ఫ్రిజ్ కూడా కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు 700, 800 దాకా వెళ్లొచ్చు. ఆ కాసేపు జనరేటర్ తట్టుకోలేకపోతే వోల్టేజీ పడిపోతుంది, లేదంటే ట్రిప్ అయి మొత్తం ఆగిపోతుంది.

మీ నీళ్ల మోటార్ దగ్గరే లెక్క తలకిందులవుతుంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, కానీ అది మోటార్ ఇచ్చే శక్తి. అది తీసుకునేది దాదాపు 1,100 వాట్లు ఉంటుంది. స్టార్టింగ్‌లో మూడు రెట్లు అనుకున్నా 3,300. మిగతావి నడుస్తుండగా మోటార్ వేస్తే దగ్గర దగ్గర 4,000 వాట్లు కావాలి. మోటార్ వద్దనుకుంటే 2,000 వాట్ల జనరేటర్‌తో మీ ఇల్లు హాయిగా గడిచిపోతుంది. ఒక్క మోటార్ కోసం రెట్టింపు సైజు కొనడం, అన్నాళ్లూ దాని ఇంధనం ఖర్చు, శబ్దం భరించడం నాకైతే దండగ అనిపిస్తుంది. కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపి పెట్టుకోండి. గంటల తరబడి కరెంటు రాని చోట ఉంటే మాత్రం వేరే సంగతి, పెద్దదే తీసుకోండి.

కొనేటప్పుడు లేబుల్ జాగ్రత్తగా చదవండి. పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాసార్లు 'మ్యాగ్జిమమ్' అంకె. అంత లోడ్ అది కొద్దిసేపే మోస్తుంది. గంటలకొద్దీ నడిచేది 'రేటెడ్' అంకె మీదే, మీ 670 వాట్లను దాంతో పోల్చండి. కేవీఏలో రాసి ఉంటే, అందులో ఎంత భాగం వాట్లుగా దొరుకుతుందో చెప్పే పవర్ ఫ్యాక్టర్‌తో గుణించాలి. ఎక్కువగా అది 0.8 ఉంటుంది, అంటే 3 కేవీఏకి 2,400 వాట్లు. అలాగని మరీ పెద్దది కొనకండి. ముఖ్యంగా డీజిల్ ఇంజిన్‌ని ఎప్పుడూ చాలా తక్కువ లోడ్ మీద నడిపితే ఇంధనం సరిగ్గా కాలక మసి, జిడ్డు పేరుకుపోతాయి.

ఏసీ గురించి మీరు అడగలేదు కానీ, జనరేటర్ వచ్చాక ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఇన్వర్టర్ ఏసీ అయితే మెల్లగా వేగం పుంజుకుంటుంది కాబట్టి స్టార్టింగ్ దెబ్బ తక్కువ. పాత రకం ఏసీ అయితే నీళ్ల మోటార్ లాంటిదే అనుకోండి.

సందేహం: జనరేటర్ వేస్తే కంప్యూటర్ యూపీఎస్ బీప్ బీప్ అంటూ బ్యాటరీ మీదే నడుస్తోంది. పాడైందా?

జవాబు: యూపీఎస్ బాగానే ఉండి ఉంటుంది, వచ్చే కరెంటు దానికి నచ్చడం లేదు. మామూలు జనరేటర్లలో 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ రావాలంటే ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూనే ఉండాలి. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా వేగం కాస్త తగ్గుతుంది, దాంతోపాటే ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ కూడా ఊగుతాయి. యూపీఎస్‌లో సెన్సిటివిటీ సెట్టింగ్ ఉంటే తగ్గించి చూడండి. ఇంకా కొనని వాళ్లు ఇన్వర్టర్ జనరేటర్ తీసుకుంటే ఈ టెన్షన్ దాదాపు ఉండదు. అది కరెంటును ముందు డీసీగా మార్చి, మళ్లీ శుభ్రమైన ఏసీ కరెంటుగా ఇస్తుంది. లోడ్ తక్కువున్నప్పుడు ఇంజిన్ వేగం తగ్గించుకుంటుంది కాబట్టి శబ్దం, పెట్రోలు ఖర్చు కూడా తగ్గుతాయి.

సందేహం: ఫ్లాట్‌లో ఉంటాం. చిన్న జనరేటర్‌ని బాల్కనీలో పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. తలుపు తీసి ఉంచినా, ఫ్యాన్ పెట్టినా వద్దు. ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. జనరేటర్ ఆరుబయట, తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ గొట్టం ఇంటివైపు కాకుండా బయటికి తిరిగి ఉండాలి. మీకు నప్పేది బ్యాటరీ పవర్ స్టేషన్, అంటే ముందే ఛార్జ్ చేసి పెట్టుకునే పెద్ద బ్యాటరీ పెట్టె. 1,000 వాట్ అవర్ల దానిలో మార్పిడి నష్టం పోగా 850 దాకా వాడుకోవచ్చు. ఒక ఫ్యాన్, రూటర్, లైటు కలిపి 100 వాట్లయితే ఎనిమిది గంటలు వస్తుంది. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే ఎక్కువ ఏళ్లు మన్నుతుంది.

సందేహం: రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరుతో జనరేటర్‌ని గోడ సాకెట్‌కి కలిపితే ఇల్లంతా కరెంటు వస్తుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. చేయమంటారా?

జవాబు: చేయనివ్వకండి. ఆ ఎలక్ట్రీషియన్‌నీ మార్చండి. మెయిన్ ఆఫ్ చేయడం ఒక్కరోజు మర్చిపోతే మీ జనరేటర్ కరెంటు వీధి లైన్‌లోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. లైన్ చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన మనిషి ప్రాణం పోతుంది. ఇటు మీ వైరులో ఒక చివర ఊడితే బయటికి కనిపించే పిన్నుల్లో కరెంటు ఉంటుంది. చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. అది ఉంటే మెయిన్, జనరేటర్ ఒకేసారి కలవడం సాధ్యం కాదు.

సందేహం: ఏడాదిగా వాడని పెట్రోలు జనరేటర్ స్టార్ట్ కావడం లేదు.

జవాబు: పాత పెట్రోలు పూర్తిగా తీసేసి, కార్బురేటర్ శుభ్రం చేయించండి. చాలా కేసుల్లో అదే జబ్బు. ఇకమీదట నెలకోసారి కాస్త లోడ్ పెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు నడపండి. చాలాకాలం వాడరని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి. పెట్రోలు పోసేటప్పుడు మాత్రం ఇంజిన్ ఆపి, చల్లారాకే పోయండి.