సమాధానం: 'స్టార్టింగ్ కెర్నల్' తర్వాత సీరియల్‌లో ఏమీ రాకపోతే

నమస్తే అండి. ఐ.ఎంఎక్స్6యూఎల్ఎల్ చిప్ ఉన్న మీ బోర్డులో లినక్స్ బూట్ చేస్తే, సీరియల్ కేబుల్ మీద 'స్టార్టింగ్ కెర్నల్' వరకే వచ్చి ఆగిపోతోందని అడిగారు. కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఇంకో కేబుల్ తెచ్చే పని లేదు. యూ-బూట్ (కెర్నల్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్) అక్షరాలు కనిపించాయంటే కేబుల్ బాగున్నట్టే.

మీరు పెట్టిన బూట్‌ఆర్గ్స్‌లో (యూ-బూట్ కెర్నల్‌కు అందించే ఆప్షన్లలో) కన్సోల్ టీటీవైఎస్0 అని ఉంది. అది 8250 రకం సీరియల్ పోర్టులకు వాటి డ్రైవర్ పెట్టే పేరు. ఐ.ఎంఎక్స్6యూఎల్ఎల్‌కు టీటీవైఎంఎక్స్‌సీ0,115200 అని ఇవ్వాలి. కెర్నల్ కాన్ఫిగ్‌లో సీరియల్ ఐఎంఎక్స్ కన్సోల్, దాని ఎర్లీకాన్ (మొదటి దశలోనే పనిచేసే కన్సోల్) రెండూ 'వై'గా, అంటే కెర్నల్‌లోనే కలిసి ఉండాలి, మాడ్యూల్‌గా పెడితే కుదరదు. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే ఫైల్‌లో) చోజెన్ నోడ్‌కు స్టడౌట్-పాత్ (కన్సోల్ ఏ పోర్టో చెప్పే వరుస) రాసి, బూట్‌ఆర్గ్స్‌లో ఉత్త 'ఎర్లీకాన్' చేర్చండి. అప్పుడు డ్రైవర్ లేవకముందు వచ్చే సందేశాలు కూడా కనిపిస్తాయి.

అప్పటికీ ఏమీ రాకపోతే మెమరీ చూడండి. మీ బోర్డులో ఉన్నది 256 ఎంబీ, మీరు కాపీ చేసిన రిఫరెన్స్ బోర్డుది 512. డీటీఎస్ (డివైస్ ట్రీ సోర్స్) ఒక్కటే దిద్దితే చాలదు, ఎందుకంటే యూ-బూట్ తాను నమ్మిన సైజునే బూట్ సమయంలో డివైస్ ట్రీ మెమరీ నోడ్‌లో తిరగరాస్తుంది. యూ-బూట్‌లో 'బీడీఇన్ఫో' కొట్టి డీరామ్ సైజు సరిచూసుకోండి, తప్పుంటే అక్కడే దిద్దాలి.

ఇంకొకటి: డివైస్ ట్రీ రూట్ నోడ్ కంపాటిబుల్‌లో (బోర్డు, చిప్ పేర్ల జాబితాలో) మీ బోర్డు పేరు ఒక్కటే రాశారు. దాని వెనకే 'ఎఫ్ఎస్ఎల్,ఐఎంఎక్స్6యూఎల్ఎల్' తప్పనిసరి. అది లేకపోయినా కెర్నల్ ఆగదు, అసలు చిక్కు అదే: మామూలు జెనెరిక్ వివరణతో ముందుకెళ్లి, ఈ చిప్‌కు కావలసిన ప్రత్యేక ఇనిషియలైజేషన్ వదిలేస్తుంది. బూటయ్యాక ప్రాక్ కింద ఉండే సీపీయూఇన్ఫో ఫైల్‌లో హార్డ్‌వేర్ వరుస చూడండి. 'జెనెరిక్ డీటీ బేస్డ్ సిస్టమ్' అని ఉంటే కంపాటిబుల్ ఇంకా సరిపోలేదన్నమాట.