అప్పు తీర్చే ముందు దారులు మూయండి

చి.ల.సౌ. సుజాతకు ఆశీస్సులు.

అల్లుడు ఫోన్‌లో రమ్మీ ఆడి అప్పులపాలైన సంగతి రాశావు. నగలు అమ్మి అన్నీ ఒక్కసారే తీర్చేస్తే పీడ వదులుతుంది కదా అన్నావు. వద్దమ్మా. చాలా ఇళ్లు రెండోసారి మునిగేది సరిగ్గా అక్కడే. అప్పు తీరగానే మనిషి తేలికపడతాడు, క్రెడిట్ కార్డు లిమిట్ మళ్లీ నిండుగా కనిపిస్తుంది, కొత్త లోను ఇస్తామని మెసేజీలు వస్తాయి. డబ్బు పోయే దారి మాత్రం తెరిచే ఉంటుంది. ముందు దాన్ని మూయాలి.

అంతకన్నా ముందు చూడాల్సింది ప్రాణం. "నేను లేకపోతే మీకే నయం" అన్నా, ఇన్సూరెన్స్ కాగితాలు వెతికినా తేలిగ్గా తీసుకోకు. చావాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఇంట్లో పురుగుమందు ఉంటే బయటికి తరలించు, అతన్ని ఒంటరిగా వదలకు. ప్రభుత్వ మానసిక సహాయ నంబరు టెలీ మానస్ 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే 112.

ఇక డబ్బు. ఇదంతా అతను ఒప్పుకున్నాకే చెయ్యండి, బలవంతంగా లాక్కుంటే ఇంకో దారి వెతుక్కుంటాడు. జీతం పడ్డ రోజే నీ ఖాతాకు మళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇప్పించు. డెబిట్ కార్డుకు ఆన్‌లైన్ వాడకం బ్యాంకు యాప్‌లోనే ఆపెయ్యొచ్చు. యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించండి, ఆటోపే కింద, అంటే వాటంతటవే డబ్బు కట్ అయ్యేవి, ఏమేం ఉన్నాయో చూసి అక్కర్లేనివి రద్దు చెయ్యండి. బాకీ తీర్చిన క్రెడిట్ కార్డును ఆ రోజే మూయించండి. టీకి, పెట్రోలుకి వారానికింతని చేతికివ్వు. ఆట యాప్ తీసేశాడుగా అని నిశ్చింతగా ఉండకు, మళ్లీ వేసుకోడానికి రెండు నిమిషాలు చాలు.

అప్పుల జాబితా అతని నోటితో చెప్పించి నువ్వు రాయి. మొదటిసారి చెప్పే లెక్క దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది, సిగ్గు, భయం. అందుకే క్రెడిట్ రిపోర్టు, అంటే బ్యాంకులు, లైసెన్సున్న లోను కంపెనీలు ఇచ్చిన అప్పుల చిట్టా, తీయించు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. చెప్పని లోన్లు అందులో బయటపడతాయి. చేబదుళ్లు, చీటీ పాట డబ్బు, తెలిసిన షావుకారు దగ్గర తాకట్లు అందులో రావు, అవి అడిగే రాబట్టాలి. ఒక్కో అప్పుకీ అసలెంత, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ, ఏం తాకట్టు పెట్టాడు అన్నది రాయి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలి. ప్రోనోటు మీద కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించు. మొత్తం తీరిన రోజు నోటు, ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకోకుండా రాకు. లోన్ యాప్‌వాళ్లు ఫోన్లో నంబర్లన్నిటికీ చేసి పరువు తీస్తామని బెదిరిస్తే ఆ మెసేజీలు చెరపకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చెయ్యి.

అతను ఎందుకు ఆగలేకపోతున్నాడో కూడా తెలుసుకోవాలి. "ఒక్క ముక్క పడితే షో కొట్టేవాణ్ణి" అంటాడు చూడు, అదే పట్టి ఉంచేది. కాస్తలో తప్పిన ఆట ఓడిన ఆటలా అనిపించదు. పోయింది రాబట్టుకోవాలని ఇంకా పెద్ద టేబుల్ ఎక్కుతాడు. లెక్క చూపించు: కంపెనీ ప్రతి ఆటకీ నూటికి పది మినహాయించుకుంటుందనుకో, సమానంగా ఆడేవాళ్ల మధ్య వెయ్యి రూపాయలు పదిసార్లు తిరిగేసరికి మిగిలేది 349. ఎవరూ తప్పు ఆడకపోయినా అంతే.

డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఇప్పుడు టెలిగ్రామ్‌లో లింకులు పంపేవాళ్లు విదేశీ సైట్లవాళ్లు. గెలిచినా డబ్బు చేతికొస్తుందన్న నమ్మకం లేదు. "నీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం" అంటే అస్సలు ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పు. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, కేసు అతని మెడకు చుట్టుకుంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లాలా అన్నావు. రెండు ప్రశ్నలు అడుగు. పందెం అంతకంతకూ పెంచాలనిపించిందా? ఎంత పెట్టాడో ఇంట్లోవాళ్ల దగ్గర అబద్ధం చెప్పాడా? ఒక్కదానికి అవునన్నా వెళ్లాల్సిందే. ఇది జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనే ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి ఫోన్ వ్యసనాలకు షట్ క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. చికిత్సలో ప్రధానమైనది వారం వారం కౌన్సెలింగ్, నిద్రకో దిగులుకో అవసరమైతే మందులిస్తారు. తాగుడు కూడా ఉంటే దాచకుండా చెప్పండి, రెండూ కలిపి చూడాలి. చెప్పింది గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆసుపత్రి బాధ్యత.

ఆడాలన్న తహతహ సాధారణంగా అరగంటలోపే తగ్గుతుంది. అతనికి అది ఎక్కువ ఎప్పుడొస్తుందో గమనించు, జీతం రోజా, నువ్వు పడుకున్నాకా, ఐపీఎల్ రాత్రులా అని. ఆ వేళకి ఫోన్ నీ దగ్గర పెట్టించుకుని అతన్ని బయట నడవమను. మళ్లీ ఒకసారి ఆడేస్తే చికిత్స దండగైందనుకోకు. ఎంత పోయిందో ఆ రాత్రే చెప్పాలన్నది మీ మధ్య ముందే అనుకున్న మాటగా ఉండాలి. చెప్పిన రోజున అరవకు, ఏ దారి తెరిచి ఉండిపోయిందో ఇద్దరూ చూసి మూయండి.

జాబితా పూర్తవగానే నాకు వాట్సాప్ చెయ్యి, వడ్డీ లెక్కలు నేను చూస్తాను.

మీ పెదనాన్న