మూడు రోజుల సైకిల్ రేసు: నొప్పి మాత్ర వేసుకుని దిగవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41 ఏళ్లు. కొన్నేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. ఒక్కరోజు రేసుల్లో వంద కిలోమీటర్ల దాకా ఇబ్బంది లేకుండా పూర్తి చేశాను. మరో పది వారాల్లో తొలిసారిగా మూడు రోజుల స్టేజ్ రేసులో (రోజుకో దశ, అంటే స్టేజ్, చొప్పున సాగే రేసు) పాల్గొంటున్నాను. రోజూ బయలుదేరే ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుంటే రెండో రోజు కాళ్లు పట్టేయవని తోటి రైడర్లు అంటున్నారు. అది మంచిదేనా? గంటన్నర దాటితే నా ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. మా నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది. నేను ఏవైనా పరీక్షలు చేయించుకోవాలా?

సలహా: మీరు చివర రాసిన విషయంతోనే మొదలుపెట్టాలి. తండ్రికి గానీ సోదరుడికి గానీ 55 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే దాన్ని వైద్యులు ముఖ్యమైన ముప్పు కారకంగానే లెక్కిస్తారు. పైగా 35 ఏళ్లు దాటినవారిలో తీవ్రమైన శ్రమ చేస్తున్నప్పుడు సంభవించే ఆకస్మిక మరణాలకు గుండె రక్తనాళాల్లో పూడికలే ప్రధాన కారణం. అందువల్ల రక్తపోటు, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలతో పాటు ఈసీజీ తీయించుకుని, ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎకో (గుండె స్కానింగ్) అవసరమా అన్నది ఆయన నిర్ణయిస్తారు. ట్రెడ్‌మిల్ పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన పూర్తి భరోసా దొరికినట్టు కాదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్లు అనిపించడం, ఎప్పుడూ లేని ఆయాసం వంటివి ఒక్కసారి కనిపించినా సాధన ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఇక నొప్పి మాత్ర సంగతి. వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే, నొప్పిని పెంచే రసాయనాలు తయారుకాకుండా అడ్డుకుంటాయి. నొప్పి తగ్గేది అందువల్లే. అయితే ఎండలో గంటల తరబడి తొక్కుతున్నప్పుడు రక్తం ఎక్కువగా కండరాలకూ చర్మానికీ మళ్లిపోతుంది, చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది, అలాంటి వేళ కిడ్నీలకు చాలినంత రక్తం అందేలా చూసేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. వాటిని మూడు రోజుల పాటు వరసగా అణచిపెడితే కిడ్నీలు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది, కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. నల్లమందు తరహా బలమైన నొప్పి మందు ట్రమడాల్ జోలికి అసలే వెళ్లకండి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య దాన్ని 2019లోనే నిషేధించింది. 2024 జనవరి 1 నుంచి అన్ని క్రీడల పోటీల్లోనూ అది నిషిద్ధమే. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్‌కు కూడా పోటీ సమయంలో పరిమితి ఉంది. కాబట్టి మామూలు మందే కదా అనుకోకుండా, మీరు వాడేవన్నీ ముందే వైద్యుడికి చూపించండి.

అయినా రెండో రోజు కాళ్లు మొరాయించడానికి నొప్పి ఒక్కటే కారణం కాదు. ఎక్కువమందిలో అసలు కారణం నిల్వలు ఖాళీ కావడం. కండరాల్లో సుమారు 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ (శరీరం దాచుకునే చక్కెర) మాత్రమే నిల్వ ఉంటుంది. గట్టిగా తొక్కితే రెండు మూడు గంటల్లో అందులో చాలా భాగం కరిగిపోతుంది. ఒక్కరోజు రేసులో ఆ రాత్రి ఏం తిన్నా పెద్దగా తేడా పడదు కానీ, స్టేజ్ రేసులో మర్నాటి పరుగు ముగింపు గీత దాటిన నిమిషం నుంచే మొదలవుతుంది. మొదటి నాలుగు గంటల్లో గంటకు కిలో శరీర బరువుకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థాలు, వాటితో పాటు 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ తీసుకోండి. మీరు 65 కిలోలుంటే గంటకు 65 గ్రాములన్నమాట. తొలి రేసు చేసేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పతకాల వేదిక దగ్గర ఫొటోలు, కబుర్లతో రెండు గంటలు గడిపేసి, ఆకలి చచ్చాక గదికి చేరి నాలుగు ముద్దలు తిని పడుకుంటారు.

సైకిల్ మీద ఉండగా తొలి అరగంట నుంచే గంటకు 60 గ్రాముల పిండిపదార్థాలు అందేలా చూసుకోండి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిసిన పానీయాలైతే 90 గ్రాముల వరకు పేగులు గ్రహించుకోగలవు, కానీ అది ముందుగా సాధన ఉంటేనే. కొత్త ఎనర్జీ జెల్‌ను (చిన్న ప్యాకెట్లలో దొరికే చిక్కటి తీపి ఆహారం) రేసు రోజు తొలిసారి ప్రయత్నిస్తే కడుపు తిరగబడుతుంది. స్టేజ్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే నీటి లెక్క తెలిసిపోతుంది. కిలో తగ్గితే తర్వాతి కొన్ని గంటల్లో లీటరుంబావు నుంచి లీటరున్నర ద్రవాలు, కాస్త ఉప్పు తీసుకోవాలి. బరువు పెరిగిందంటే మాత్రం మీరు అతిగా తాగుతున్నారని అర్థం. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం మొదలైతే అది ప్రాణాంతక స్థితి. నొప్పి మాత్రలు ఈ ముప్పును కూడా పెంచవచ్చు.

ఆ రెండు వేళ్ల తిమ్మిరికి చాలావరకు అరచేతి మొదట్లో చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం హ్యాండిల్‌కు నొక్కుకుపోవడమే కారణం. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే శరీరభారం ముందుకు జారి చేతుల మీద పడుతుంది. ముందు అది సరిచూడండి, తర్వాత హ్యాండిల్ దూరం, ఎత్తు. మెత్తని గ్లౌజులు ఉపయోగపడతాయి కానీ, కొన్ని నిమిషాలకోసారి చేతుల పట్టు మార్చడం అంతకన్నా మేలు. వేళ్లను వెడల్పుగా చాచలేకపోయినా, బ్రేక్ పట్టుకోవడంలో బలం తగ్గినా వెంటనే చూపించుకోండి, లేకపోతే గుంపులో దిగుడు మీద అది మీకొక్కరికే కాక పక్కవారికీ ప్రమాదం. ఈ సర్దుబాట్లన్నీ ఇప్పుడే చేసుకోవాలి. చివరి రెండు వారాల్లో సీటును సెంటీమీటరు కూడా కదపవద్దు.

సాధనలో దూరం పెంచడం కంటే వరసగా రెండు రోజులు తొక్కడం ముఖ్యం. శనివారం మూడు గంటలు తొక్కి, ఆదివారం అలసిన కాళ్లతోనే మళ్లీ రెండున్నర గంటలు తొక్కితే ఆ అలసట ఎలా ఉంటుందో శరీరానికి పరిచయమవుతుంది. రేసుకు రెండు వారాల ముందు నుంచి మొత్తం సమయాన్ని దాదాపు సగానికి తగ్గించి, కొద్దిపాటి వేగపు సాధనను మాత్రం ఉంచుకోండి. మొదటి స్టేజ్‌లో అందరికంటే ముందు గాలిని చీల్చుకుంటూ వెళ్లాలన్న కోరిక కలుగుతుంది, కానీ గుంపు వెనుక ఎదురుగాలి తగలకుండా ఉండి ఆదా చేసిన శక్తి మూడో రోజు అక్కరకొస్తుంది. ముగియగానే చెమట షార్ట్స్ మార్చి, స్నానం చేసి ఒళ్లు పొడిగా తుడుచుకోండి. సీటు పుండ్లు వచ్చాక రేసు మధ్యలో తగ్గవు.

రేసు జరిగే మూడు రోజులూ ఉదయం లేవగానే నాడి చూసుకోండి. మామూలు కంటే బాగా పెరిగి, జ్వరం లేదా ఒళ్లునొప్పులు కూడా ఉంటే ఆ రోజు బయలుదేరవద్దు. వైరస్ జ్వరంలో తీవ్రంగా శ్రమిస్తే గుండె కండరం వాచే ప్రమాదం ఉంటుంది. కింద పడి తలకు దెబ్బ తగిలినప్పుడు స్పృహ తప్పకపోయినా సరే, తలనొప్పి, మందకొడితనం, వికారం, ఇప్పుడు ఎన్నో స్టేజ్ జరుగుతోందో గుర్తురాకపోవడం వంటివి ఉంటే అక్కడితో రేసు మానేయాలి. హెల్మెట్ పైకి బాగానే కనిపించినా దాన్ని మళ్లీ వాడవద్దు.