రాగి బిస్కెట్లో రాగి ఎంత? కొత్త ఏడాది తిండి మీద పాఠకుల ప్రశ్నలు

2026లో తినే, తాగే వాటిలో ఏవి బాగా నడుస్తాయి, వాటిలో ఏవి ఇంటికి తెచ్చుకోవచ్చు అని అడుగుతూ బెంగళూరు పాఠకుల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా మహదేవపురలో ఉంటున్నాం. ఇకమీదట అంతా ప్రోటీన్ కాలమేనని ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయి ప్రోటీన్ కలిపిన దోసె పిండి, ప్రోటీన్ బిస్కెట్లు, రాగి బిస్కెట్లు తెస్తున్నాడు. రాగి ముద్దలో లేని బలం వీటిలో ఏముందని మా అత్తగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక గృహిణి

జవాబు: మీ అత్తగారి మాట మీద గౌరవం ఉంచుకుంటూనే ఒక చిన్న దిద్దుబాటు చెప్పాలి. వంద గ్రాముల రాగుల్లో ప్రోటీన్ సుమారు 7 గ్రాములే ఉంటుంది, అంటే బియ్యం కంటే ఎక్కువేమీ కాదు. రాగుల బలమంతా సున్నంలో, అంటే కాల్షియంలో, పీచులో ఉంది. వంద గ్రాములకు 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం, 11 గ్రాముల పీచు ఇచ్చే ధాన్యం మన వంటింట్లో మరొకటి లేదు. అందుకే రాగి ముద్ద పక్కన ఎప్పుడూ పప్పో, ఉలవచారో, కోడికూరో పెట్టారు. ముద్దను ఒంటరిగా తినే అలవాటు రాయలసీమలోనూ లేదు, పాత మైసూరు సీమలోనూ లేదు.

ఇక మీ అబ్బాయి విషయం. పెద్దవారికి రోజుకు ప్రతి కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సరిపోతుందని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో నిర్ణయించాయి. అరవై కిలోల మనిషికి అది సుమారు 50 గ్రాములు. రెండు వందల గ్రాముల బియ్యం నుంచి 16, అరవై గ్రాముల కందిపప్పు నుంచి 13, అర లీటరు పాలూ పెరుగూ కలిపి 16, ఒక గుడ్డు నుంచి 6 వేసుకుంటే లెక్క సరిపోయింది. బియ్యం ప్రోటీన్‌లో తక్కువగా ఉండే లైసిన్ అనే భాగం పప్పులో దండిగా ఉంటుంది కాబట్టి రెండూ కలిపి తిన్నప్పుడు ఆ ప్రోటీన్ ఒంటికి మరింత బాగా పనికొస్తుంది. అయితే మన ఇళ్లలో చాలామంది అరవై గ్రాముల పప్పు తినడం లేదు. అన్నం కొండంత, పప్పు చారెడు. మీ అబ్బాయి బెంగ అక్కడి నుంచే పుట్టింది, అది సబబైన బెంగే.

ప్రోటీన్ దోసె పిండిలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఇక్కడి పాల సంస్థ నందిని కూడా 2024 డిసెంబరులో పాల నుంచి తీసిన వే ప్రోటీన్ కలిపి ఇడ్లీ, దోసె పిండిని అమ్మకానికి పెట్టింది. వే ప్రోటీన్ మంచి రకం ప్రోటీనే. ధర సరిపోతుందనుకుంటే కొనుక్కోండి, లేదంటే ఇంటి పిండిలో మినప్పప్పు వంతు పెంచి, దోసెతో పాటు ఒక గుడ్డో, గిన్నెడు సాంబారో పెట్టండి.

నాకు అసలు కోపం తెప్పించేది బిస్కెట్ల సంగతి. మీ ఉత్తరం చదివాక మా వీధి చివరి దుకాణానికి వెళ్లి ఒక రాగి బిస్కెట్ పొట్లం వెనక్కి తిప్పి చూశాను. మొదట మైదా, తరువాత చక్కెర, ఆపైన పామాయిల్, నాలుగో చోట రాగి పిండి, అదీ 9 శాతం. పొట్లం ముందువైపు మాత్రం రాగి కంకులు నిండుగా ఊగుతున్నాయి. దినుసులను బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది మన దేశంలో చట్టం. కాబట్టి ఏ పేరు పెద్దక్షరాల్లో కనిపిస్తుందో అది వెనకాల ఎన్నో చోట ఉందో చూసి కొనండి. మన దేశం కోరిన మీదట ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ మంచి పేరును మైదా మీద అతికించి అమ్ముతుంటే, రాగిని నమ్ముకున్న రైతుకు గానీ తినే పిల్లలకు గానీ ఒరిగేది ఏముంటుంది?

ప్రశ్న: ప్రోటీన్ తరువాత పీచుదే కాలమని విని రోజూ నాలుగు చెంచాల చియా గింజలు తినడం మొదలుపెట్టాను. వారం తిరగకుండానే కడుపు ఉబ్బరం. మానేయాలా?
— కోరమంగలలో ఉద్యోగి

జవాబు: మానవద్దు, తగ్గించండి. రెండు వేల కేలరీల తిండికి 30 గ్రాముల పీచు ఉండాలి. ఇన్నాళ్లూ అందులో సగం కూడా తినని పేగులకు ఒక్కసారిగా అంత బరువు పెడితే ఉబ్బరం వస్తుంది. ఒక చెంచాతో మొదలుపెట్టి, బాగా నానబెట్టి, మంచినీళ్లు ఎక్కువ తాగుతూ నెల రోజుల్లో పెంచుకోండి. చియా మన సబ్జా కాదు, మెక్సికో వైపు నుంచి వచ్చిన గింజ. ఇప్పుడు మైసూరు, చామరాజనగర ప్రాంతాల రైతులూ పండిస్తున్నారు. దానితో పాటు చిక్కుళ్లు, ఉలవలు, జామపండు కూడా తింటే ఒక్క గింజ మీదే ఆధారపడనక్కర లేదు.

ప్రశ్న: మా మనవరాలు మాచ్చా తాగుతోంది, ఒక్కో కప్పు మూడు వందల పైమాటే. ఫిల్టర్ కాఫీ పాతబడిపోయిందా?
— జయనగర నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాచ్చా ఇంకా కొంతకాలం నడుస్తుంది. కోతకు ముందు కొన్ని వారాల పాటు తేయాకు తోటకు నీడ కట్టి, ఆ లేత ఆకును ఆరబెట్టి, ఈనెలు తీసి, రాతి తిరగలిలో మెల్లగా విసిరి చేసే జపాను పొడి అది. అడిగేవారు పెరిగినంత వేగంగా పంట పెరగదు కాబట్టి 2024 నుంచి ధర ఎక్కుతూనే ఉంది. ఆకు మొత్తం కడుపులోకి వెళ్తుంది కాబట్టి మేలు చేసే పదార్థాలూ, కెఫీనూ రెండూ బాగానే అందుతాయి. కానీ మీ మనవరాలి కప్పులో ఆ పొడి రెండు గ్రాములకు మించి ఉండకపోవచ్చు, మిగిలినదంతా పాలూ తీపీ.

ఆమెకు ఒక్క మాట తప్పక చెప్పండి. టీ అయినా, కాఫీ అయినా, మాచ్చా అయినా భోజనానికి గంట ముందు, గంట తరువాత తాగకూడదు, ఎందుకంటే వాటిలోని టానిన్లు అనే వగరు పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ గంట నియమం పాటించాలని నా విన్నపం.

కాఫీకి వస్తే, చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఆ పాళ్లు పొట్లం మీద రాయాలి. 80:20కీ 53:47కీ రుచిలో ఎంతో తేడా ఉంటుంది. మంచి గింజ కావాలంటే చిక్కమగళూరు ఉంది, మన అరకు ఉంది. రెండింటికీ 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ప్రశ్న: ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పంట, ఏ కాలానికి ఆ కాలపు కాయ తినాలన్నది ఈ ఏటి మాట అంటున్నారు. అపార్ట్‌మెంట్లో ఉండే మాలాంటివాళ్లకు అది సాధ్యమా?
— చిత్తూరు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో స్థిరపడిన దంపతులు

జవాబు: చిత్తూరు వాళ్లకు ఈ ఊళ్లో అంతకంటే సులువైన పని లేదు. మీరు అనపకాయలు అనే చిక్కుడు జాతి కాయలే ఇక్కడ అవరెకాయి. చలి మొదలయ్యాక మాగడి వైపు నుంచి బస్తాలు దిగుతాయి, విశ్వేశ్వరపురం తిండి వీధిలో వాటితో దోసె నుంచి మిఠాయి దాకా చేస్తారు. మీరు పితికిన పప్పు అనేదాన్నే వీరు హితికిద బేళె అంటారు. మాటలో ‘ప’ ‘హ’ అయింది, గిన్నెలో కూర అదే.

కొనేటప్పుడు కాయను చేత్తో నలిపి చూడండి. మంచు తిన్న కాయ వేళ్లకు జిడ్డుగా అంటుకుని ఘాటైన వాసన వేస్తుంది. ఆ వాసనను ఇక్కడివారు సొగడు అంటారు, అది లేని కాయను బేరం కూడా ఆడరు. గింజలు ఒలిచి రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తొక్క చేతిలో మిగిలి, పప్పు జారి గిన్నెలో పడుతుంది. కిలో గింజలు పితకడానికి ఇద్దరికి గంట పడుతుంది. ఆ తొక్కతో పాటు కొంత పీచు పోతుంది కాబట్టి వారంలో ఒకసారి పితికి, మిగిలిన రోజుల్లో తొక్కతోనే సాంబారులోనో ఉప్మాలోనో వేసుకోండి. సంక్రాంతి దాటాక కాయ ముదిరి, సొగడు తగ్గుతూ వస్తుంది. ఈ ఆదివారమే వెళ్లి తెచ్చుకోండి.